ఆంటీ అన్నందుకు

పేర్ల దగ్గరే తప్పు చేసినదాన్ని కాబట్టి ఇందులో ఎవరి పేరూ రాయను. నా పేరు కూడా.

డెబ్భైల చివర్లో డెట్రాయిట్‌లో ఒక సెంటర్‌కి నేను డైరెక్టర్‌నయ్యాను. అయ్యానంటే ఎవరో పిలిచి పెద్ద కుర్చీ వేశారని కాదు. అంతకుముందున్న డైరెక్టర్ వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. కొత్తవాళ్లు దొరికేదాకా మూడు నెలలు చూసుకోమని బోర్డు పెద్దాయన నన్నడిగాడు. ఆయన సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. సరే అన్నాను. ఆ రోజుల్లో ఎవరేమడిగినా సరే అనేదాన్ని. కాదనడానికి కూడా మనిషికి కొంచెం ఓపిక కావాలి, నాకది లేదు. ఆ మూడు నెలలూ తొమ్మిదేళ్లయ్యాయి.

సెంటర్ అంటే ఒకప్పటి ఫర్నిచర్ కొట్టు. ముందు పెద్ద పెద్ద అద్దాల కిటికీలు, వెనక వంటగది, మధ్యలో మడత బల్లలు. చుట్టుపక్కల వీధుల్లో ఉండే ముసలివాళ్లకి మధ్యాహ్నం వేడి భోజనం పెట్టేవాళ్లం, క్లినిక్‌కి వ్యాన్‌లో తీసుకెళ్లేవాళ్లం, చలికాలం కోట్లు పంచేవాళ్లం. వచ్చేవాళ్లంతా నల్లజాతివాళ్లే, పనిచేసేవాళ్లూ వాళ్లే. చీర మీద స్వెట్టర్ వేసుకుని మధ్యలో నేనొక్కదాన్ని. నేను ముందు చేరింది డైటీషియన్‌గా. ఎవరికి ఉప్పు తగ్గించాలి, ఎవరికి తీపి కూడదు, వారం మొత్తం ఏమేం వండాలి, అదీ నా పని. పనివేళలు మా అమ్మాయి స్కూలు వేళలకి సరిపోతాయని చేరాను. అంతకుమించి పెద్ద ఆశయమేమీ లేదు. తర్వాత ఎప్పుడో మనవాళ్లు నన్ను స్టేజి ఎక్కించి "సేవాభావం" అంటూ మాట్లాడినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

మావారు పోయి అప్పటికి ఏడాదిన్నర దాటింది. కార్ల కంపెనీలో ఇంజినీరు. జనవరిలో ఒక ఉదయం ఇంటి ముందు మంచు తోస్తూ తోస్తూ పార పట్టుకునే కూర్చుండిపోయారు. హాస్పిటల్లో డెస్క్ దగ్గరున్న పిల్ల పేషెంట్ పేరేమిటని నన్నడిగింది. ఆయన పర్సులోంచి డ్రైవింగ్ లైసెన్స్ తీసి ఇచ్చాను. షాక్‌లో మాట పడిపోయిందని ఆ పిల్ల అనుకుని ఉంటుంది. అదేం కాదు. పన్నెండేళ్ల కాపురంలో ఆయన పేరు నేను ఒక్కసారి కూడా పైకి అనలేదు. ఏలూరులో మా అమ్మ మా నాన్న పేరు అనలేదు, మా అమ్మమ్మ మా తాతయ్య పేరు అనలేదు. మేం క్రైస్తవులం. బాప్తిస్మంలో పెట్టిన పేరు భార్య పలికితే పాపమని ఏ వాక్యంలోనూ లేదు. అయినా నోరు రాదు. ఏవండీ అంటే చాలు, ఆయన ఏ గదిలో ఉన్నా పలికేవారు. ఆఫీసు నుంచి ఎవరైనా ఫోన్ చేసి పేరు చెప్పి అడిగితే, "లైన్‌లో ఉండండి, పిలుస్తాను" అనేదాన్ని. పిలవడమంటే మళ్లీ ఏవండీయే.

ఆయనతో పాటు ఆ మాటా పోయింది. నేను ఏడవలేదు. నెలకోసారి ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో తెలుగు ఆరాధన జరిగేది, వెళ్లేదాన్ని. అక్కడ నా ఎదుట ఆయన ఊసు రాకుండా అందరూ జాగ్రత్తపడేవాళ్లు. ఎవరైనా పొరపాటున ఆయన పేరు ఎత్తబోతే పక్కనున్నావిడ మోచేత్తో పొడిచేది. నేను చూస్తూనే ఉండేదాన్ని. వాళ్లది మంచి మనసే, తప్పుపట్టను. నాకు మాత్రం ఏమీ అనిపించేది కాదు. అన్నం తిన్నా, కారు నడిపినా, పిల్లకి జడ వేసినా, పంటి డాక్టరు మత్తు సూది ఇచ్చిన వైపు నమిలినట్టుండేది.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా వెనక వీధిలో ఉండే తెలుగావిడ ఒకసారి కూర తెచ్చిచ్చి, అసలు సంగతికి వచ్చింది. "ఆ ఏరియాకి రోజూ ఒక్కరే డ్రైవ్ చేస్తున్నారాండీ? సేఫ్ కాదండీ బాబూ. హాయిగా హాస్పిటల్లో జాబ్ ఏదైనా ట్రై చెయ్యకూడదూ?"

"ఇంకా ఏం జరుగుతుందంటారండీ నాకు?" అన్నాను.

ఆవిడ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. అది ధైర్యమనుకుని నలుగురికీ చెప్పిందట. ధైర్యం కాదు, ఏం జరిగినా ఫరవాలేదనిపించడం.

సెంటర్‌లో మొదటి బల్ల దగ్గర, కిటికీ పక్క కుర్చీ ఒక పెద్దావిడది. డెబ్భై దాటాయి. చాలా ఏళ్ల క్రితం భర్తతో కలిసి దక్షిణాన అలబామా నుంచి వచ్చారు. రోజూ పదకొండింటికల్లా టోపీ, తెల్ల గ్లోవ్స్, పాలిష్ చేసిన షూస్‌తో పెళ్లికి వచ్చినట్టు వచ్చేవారు. గ్లోవ్స్ తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని నలభై మందికి కాగితం నాప్‌కిన్లు మడిచేవారు. ఎవరూ చెప్పిన పని కాదు, ఎవరూ కాదనే ధైర్యమూ చేయలేదు. భోజనానికి ముందు ప్రార్థన ఆవిడదే. ఆవిడ లేచి నిలబడితే వెనక బల్ల దగ్గర డామినో బిళ్లలు ఆడే మగవాళ్లు కూడా ఆపేవాళ్లు. ఆవిడకి షుగరు, రోజూ ఇన్సులిన్. ఒక్కరే ఉంటారు. ఇంట్లో కాఫీ, బ్రెడ్డు తప్ప వండుకోరు. రోజు మొత్తానికి సరైన భోజనం మా దగ్గర తినేదే. ఇదంతా నాకెలా తెలుసంటే, ఆవిడ ఆరోగ్యం కార్డు రాసింది నేనే.

నన్ను అక్కడ అందరూ మిస్ అని, ఆ తర్వాత నా పేరు చేర్చి పిలిచేవాళ్లు. అది నాకు రోజూ గుచ్చుకునేది. వేలికి ఉంగరముంది, ఇంట్లో తొమ్మిదేళ్ల పిల్ల ఉంది. ఆయన పోయారని నా పెళ్లి కూడా కొట్టేశారా వీళ్లు? వేసవి సెలవుల్లో మా అమ్మాయిని అప్పుడప్పుడు వెంట తీసుకెళ్లేదాన్ని. అదీ అడిగింది, కార్‌లో. "అమ్మా, వాళ్లు నిన్ను మిస్ అని కాల్ చేస్తారు ఎందుకు? నువ్వు నాన్న వైఫ్ కదా?"

"సీట్ బెల్ట్ పెట్టుకో" అన్నాను.

నేను డైరెక్టర్‌గా నిలబడిన మొదటి రోజు బోర్డు పెద్దాయన నన్ను అందరికీ పరిచయం చేసి మైకు నా చేతికిచ్చాడు. ప్రార్థనకి ఆవిడని పిలవాలి. అప్పటిదాకా ఆవిడతో ఎప్పుడు మాట్లాడినా ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాను. మిగతావాళ్లు మిసెస్ అని, ఆవిడ ఇంటిపేరు చేర్చి పిలిచేవాళ్లు. నాకది బ్యాంకు కౌంటర్లో పిలిచినట్టుండేది. అంత పెద్దావిడని, మా అందరి తిండికీ దీవెన అడిగే మనిషిని, పేరు పెట్టి పిలుస్తామా? మా ఇళ్లల్లో అయితే పిన్నిగారూ అంటాం. పిన్నిగారికి ఇంగ్లీషులో నాకు దొరికిన మాటని, ఉన్న గౌరవమంతా గొంతులో పెట్టి, మైకులో అన్నాను. "ఆంటీ, ప్రార్థన చేస్తారా?"

డామినోల చప్పుడు ఆగింది. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తెరిచి గ్లోవ్స్ తీశారు. ఒక్కో వేలూ సరిచేసుకుంటూ తొడుక్కున్నారు. కోటు వేసుకున్నారు, టోపీ సర్దుకున్నారు, వెళ్లిపోయారు. తలుపు మూసుకునేదాకా ఎవరూ కదల్లేదు. బోర్డు పెద్దాయన గొంతు సవరించుకుని రెండు ముక్కల్లో ప్రార్థన ముగించాడు. మేం చికెన్ వడ్డించాం.

మర్నాడు ఆవిడ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బయటి దేశం మనిషి, నిన్నగాక మొన్న వచ్చింది, తమ మీద డైరెక్టర్ అయిందని ఆవిడకి కడుపుమంట, అనుకున్నాను. కారణం దొరికింది కదా అని ఊరుకున్నాను. కోపం కూడా రాలేదు నాకు. కానీ ఆ కార్డు నా బల్ల మీదే ఉంది. ఇన్సులిన్ వేసుకుని తిండి సరిగ్గా తినకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నాలుగో రోజు వ్యాన్‌లో భోజనం పెట్టె పంపాను. మూత తియ్యకుండా తిరిగొచ్చింది.

ఐదో రోజు పెట్టెతో పాటు ఒక చీటీ పెట్టాను. కుదురైన అక్షరాలతో "డియర్ ఆంటీ" అని మొదలుపెట్టి, నా మీద కోపముంటే నన్ను తిట్టండి గాని అన్నం మీద చూపించకండి అని రాశాను. పెట్టె తిరిగొచ్చింది. నా చీటీ కూడా, నాలుగు ముక్కలుగా చించి, మూత మీద నీటుగా పేర్చి.

ఇక నేనే వెళ్లాను. సెంటర్ నుంచి రెండు వీధులు. ఇటుకల ఇల్లు, మూడు మెట్లు, మెట్లెక్కితే దోమతెర తలుపు, దాని వెనక అసలు తలుపు. తట్టాను. పలకలేదు. వినపడలేదేమోనని వీధి వీధంతా వినేలా "ఆంటీ! నేనండీ, ఆంటీ!" అని కేకేశాను. పక్కింటి వసారాలో ఆకులు ఊడుస్తున్న ఆయన చీపురు ఆపి నన్ను చూశాడు. పైన కిటికీ పరదా కదిలింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

రెండు వారాల్లో నలభై మంది ఇరవై అయిదుకి వచ్చారు. వచ్చినవాళ్లు కూడా ప్లేటు అందుకునేటప్పుడు నా మొహం చూసేవాళ్లు కాదు. బోర్డు పెద్దాయన్ని అడిగితే, "ఆ సంగతి ఆవిడకీ మీకూ మధ్య" అని టోపీ పెట్టుకుని జారుకున్నాడు. తెలిసే అన్నానని కొందరు, తెలియకపోతే మాత్రం అంటారా అని కొందరు అనుకున్నారని చాలా రోజులకి తెలిసింది. అప్పట్లో నాకా సంగతి చెప్పినవాళ్లు లేరు. ఇంటికెళ్లి పడుకుంటే ఆ మూత తియ్యని పెట్టె కళ్ల ముందుకొచ్చేది. ఏడాదిన్నరగా దేని గురించీ నాకు నిద్ర చెడలేదు. దీని గురించి చెడింది.

రెండో చీటీ రాద్దామని కూర్చున్నాను. మొదటి చీటీలో స్పెల్లింగ్ తప్పేమో, అందుకే చించారేమోనని కూడా ఒక అనుమానం. వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్న వంటావిడని అడిగాను. నా ఈడు మనిషి, గొంతు పెద్దది, నాతో చనువున్నది ఆమె ఒక్కతే. "ఆంటీకి చివర వై రాయాలా, ఐ, ఈ రాయాలా?"

"ఎవరికి రాస్తున్నారు?"

"ఆవిడకే. మొదటి బల్ల ఆవిడకి."

ఆమె కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె ఇంగ్లీషులో అన్నదంతా నాకు తెలుగులోనే గుర్తుంది.

"మిస్, ఒక్క మాట చెప్పండి. మీ దేశంలో ఆంటీ అంటే ఏమిటి?"

"అమ్మ చెల్లెలు. అమ్మంత మనిషి. పెద్దవాళ్లని గౌరవంగా అలాగే పిలుస్తాం."

ఆమె నవ్వింది. సంతోషంతో కాదు. "ఆవిడ ఊళ్లో తెల్లవాళ్ల ఆరేళ్ల పిల్ల కూడా మా అమ్మమ్మ లాంటివాళ్లని ఆంటీ అనేది. ప్రేమ పుట్టుకొచ్చి కాదు, మిసెస్ అనకుండా తప్పించుకోవడానికి. మిసెస్ అంటే ఈమె ఒకరి భార్య, ఈమెకో ఇల్లుంది, మర్యాదుంది అని ఒప్పుకోవాలి కదా! అందుకని వయసులో ఉంటే పేరు, ముసలైతే ఆంటీ. ఆవిడ ఇంత దూరం వచ్చింది ఆ మాట వినకుండా బతకడానికి. ఆవిడ భర్త ఇనుము కరిగించే ఫౌండ్రీలో పనిచేసి పోయాడు. ఆయన ఇచ్చినవాటిలో ఇప్పటికీ ఒంటి మీద ఉన్నది ఆ మిసెస్ ఒక్కటే. దాన్ని మీరు మైకులో లాగేశారు."

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మైకులో ఒకసారి, చీటీలో ఒకసారి, వీధిలో నిలబడి రెండుసార్లు. లెక్క తప్పలేదు నాకు.

"మరి నన్నెందుకు మిస్ అంటారు?" అన్నాను. ఆ సమయంలో అడగాల్సిన ప్రశ్న కాదు, అయినా నోట్లోంచి వచ్చేసింది. "నాకు పెళ్లైంది."

"అయ్యో, అది గౌరవం! పేరుకి ముందు మిస్ పెడితే పెద్దరికమిచ్చినట్టు. మా అమ్మకి ఎనిమిది మంది పిల్లలం, ఆమెని కూడా వీధంతా మిస్ అనే పిలుస్తుంది." ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఇన్నాళ్లూ దానికి కుములుతున్నారా ఏమిటి?"

అవును, కుములుతున్నాను. వాళ్ల గౌరవాన్ని నేను అవమానమనుకుని మోశాను, నా గౌరవాన్ని తీసుకెళ్లి ఆవిడ మొహాన కొట్టాను. నాకు సిగ్గేసింది. చెవులు వేడెక్కి, చీర కుచ్చిళ్లు చూస్తూ నిలబడేంత సిగ్గు. ఆయన పోయాక నాకు మొట్టమొదట తిరిగొచ్చింది అదే.

మర్నాడు పొద్దున్నే ఆ మూడు మెట్లూ ఎక్కాను. చేతిలో భోజనం పెట్టె. తలుపు తట్టి మిసెస్ అని, ఆవిడ ఇంటిపేరు చేర్చి పిలిచాను. ఆగి, మళ్లీ పిలిచాను. లోపల చెప్పుల చప్పుడు. అసలు తలుపు తెరుచుకుంది, దోమతెర మాత్రం గడియ పెట్టే ఉంది. ఇంట్లో ఒంటరిగా ఉన్నా ఆవిడ జుట్టు దువ్వుకుని, కాలరుకి బ్రోచ్ పెట్టుకుని ఉన్నారు. మొహం మాత్రం చిక్కిపోయింది.

"నాకు తెలియక అన్నానండీ" అన్నాను. "మా దగ్గర పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవడం తప్పు. వరస కలిపి పిలవడమే మర్యాద. ఇక్కడ దాని అర్థం నాకు నిన్న చెప్పారు. నన్ను క్షమించండి. కానీ మీరు తినాలి."

ఆవిడ నా చేతిలో పెట్టె చూడలేదు, నా ఉంగరం చూశారు. "నీకు భర్త ఉన్నాడా?"

"పోయారు."

"ఎన్నాళ్లైంది?"

"వచ్చే జనవరికి రెండేళ్లు."

"నాకు పంతొమ్మిది" అన్నారు. తర్వాత, "ఆయన పేరేమిటి?"

నేను బ్యాగ్ తెరిచాను. ఆయన లైసెన్స్ ఇంకా అందులోనే ఉండేది. తీసి దోమతెరకి ఆనించి చూపించాను.

"కార్డు అడగలేదు. పేరు అడిగాను."

"మా దగ్గర భార్య భర్త పేరు పలకదండీ."

"ఎందుకు?"

"గౌరవం" అన్నాను. ఆ మాట నాకే ఎబ్బెట్టుగా వినపడింది.

ఆవిడ తల పంకించారు. "మా ఊళ్లో నా భర్తని నలభై ఏళ్లొచ్చినా 'బాయ్' అన్నారు. పేరు పెట్టి పిలిచిన తెల్లవాడు లేడు. అందుకని నేను రోజూ పొద్దున్న లేవగానే ఆయన పేరు పైకి చెప్పుకుంటాను. మిస్టర్ అని మొదలుపెట్టి మొత్తం పేరు. పలికేవాళ్లు లేకపోతే మనిషి ఉన్నాడని ఎవరికి తెలుస్తుంది?"

ఆవిడ తొందరపెట్టలేదు. వీధిలో బస్సు ఒకటి వచ్చి ఆగింది, వెళ్లింది. నోరు తెరిచాను. మొదటిసారి సగమే వచ్చింది. రెండోసారి మొత్తం వచ్చింది, ఎవరో వేరే మనిషి గొంతులా. ముప్పై ఎనిమిదేళ్ల దాన్ని, ఆ వయసులో ఆ పేరు నా నాలుక మీద మొదటిసారి పడింది.

ఆవిడ ఆ పేరు తిరిగి పలికారు, తప్పుగా. నేను దిద్దాను. మళ్లీ తప్పారు, మళ్లీ దిద్దాను. ఇంటిపేరు దగ్గర ఇద్దరం చాలాసేపు తంటాలు పడ్డాం. దిద్దడానికి నేను పలకాలి కదా, ఎన్నిసార్లు పలికానో తెలియదు. చివరికి ఆవిడ ఒక్క అక్షరం కూడా పోకుండా పలికారు. అప్పుడు దోమతెర గడియ తీసి, పెట్టె అందుకున్నారు.

"రేపు నాప్‌కిన్లు నేను వచ్చాకే మడవండి" అని తలుపు వేసుకున్నారు.

మర్నాడు పదకొండింటికి వచ్చారు. టోపీ, గ్లోవ్స్, షూస్. నాప్‌కిన్లు మడిచారు. పన్నెండింటికి నేను మైకులో మిసెస్ అని, ఆవిడ ఇంటిపేరు చేర్చి, ప్రార్థన చేస్తారా అని అడిగాను. ఆవిడ లేచారు. నేను వడ్డించే బల్ల దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డాను. జబ్బుగా ఉన్నవాళ్ల కోసం ప్రార్థించారు, క్లినిక్‌కి వెళ్లినవాళ్ల కోసం, వంటావిడ మోకాళ్ల కోసం. ఆ తర్వాత, "మాకంటే ముందు వెళ్లినవాళ్లను జ్ఞాపకం చేసుకో ప్రభువా" అని, తన భర్త పేరు చెప్పారు. దాని వెంటనే మిస్టర్ అని మావారి పేరు మొత్తం చెప్పారు, మా వసారాలోనో మా ఏలూరు చర్చిలోనో పలికినంత సరిగ్గా. ఆయన్ని ఒక్కసారి కూడా చూడని ఇరవై అయిదు మంది కళ్లు మూసుకుని ఆమెన్ అన్నారు.

వంటావిడ నా చేతిలోంచి గరిటె తీసుకుంది. "వెళ్లండి మిసెస్, లోపలికి వెళ్లండి, నేను వడ్డిస్తాను" అంది.

వంటగదిలోకి వెళ్లి, సింకు దగ్గర గోడవైపు తిరిగి నిలబడ్డాను. "ఏవండీ" అని పిలిచాను. ఆయన పలకరని నాకు అప్పుడు తెలిసింది.